రిఫరెన్స్ ఇచ్చే ముందు ఒక్క ఫోన్ చేయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న రుషికొండలో ఒక కంపెనీలో మూడు రౌండ్లు దాటాక నా ఉద్యోగం ఆగిపోయింది, తప్పు నాదే. రెజ్యూమెలో రిఫరెన్స్‌గా, అంటే కంపెనీవాళ్లు నా గురించి అడిగితే చెప్పే మనిషిగా, పాత మేనేజర్ గారి నంబర్ ఇచ్చాను గానీ ఆయనకు ఒక్క మాట చెప్పలేదు. హెచ్ఆర్ వాళ్లు ఫోన్ చేసేసరికి ఆయన గాజువాక ట్రాఫిక్‌లో ఉన్నారు పాపం, "ఎవరండీ, గుర్తు రావట్లేదే" అన్నారట! నాలుగేళ్లు ఆయన దగ్గరే పనిచేశాను.

అందుకే చెబుతున్నా, నంబర్ ఇచ్చే ముందు అడగండి, అది ఏ ఉద్యోగమో, ఆయన దగ్గర మీరు చేసిన పనేంటో వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టండి, వచ్చినా రాకపోయినా తర్వాత కబురు చెప్పండి. ఇంకోటి, లింక్డ్‌ఇన్‌లో ఒక తేదీ, రెజ్యూమెలో ఇంకో తేదీ ఉంటే దొరికిపోతారు, ఎందుకంటే పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఉండే ఒకే నంబర్) రికార్డులో చేరిన తేదీ, మానేసిన తేదీ రెండూ ఉంటాయి, వెరిఫికేషన్ వాళ్లు చాలామంది అదే అడుగుతున్నారు. ప్రొఫైల్ పైన "డైనమిక్", "ప్యాషనేట్" అని రాసుకునే బదులు చేసిన పని ఒక్కటి అంకెలతో రాయండి.

మీ ఉద్యోగాల పేజీలో ఎప్పుడూ ఇంటర్వ్యూ ప్రశ్నలే వేస్తారు, ఒక వారం ఈ సంగతి కూడా వేయండి.

— ఒక పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం