పైథాన్ పాఠాల్లో ‘ఆఫ్టర్’కు చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులోని మారతహళ్లి ప్రాంతంలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను నేర్చుకుంటున్న మన తెలుగు విద్యార్థులకు నేను సాయంత్రం వేళ పాఠాలు చెబుతుంటాను. పైథాన్‌లో విండోలు, బటన్లు తయారుచేసేందుకు వాడే టికింటర్‌తో గడియారం తయారుచేయమంటే, చాలామంది పదేపదే నడిచే ‘వైల్’ లూపులో, ప్రోగ్రామ్‌ను కాసేపు ఆపివుంచే ‘టైమ్.స్లీప్’ పెట్టి తీసుకువస్తున్నారు. అలా పెట్టగానే విండో బిగుసుకుపోతుంది. బటన్ నొక్కినా పలకదు, మూసేయబోయినా మూతపడదు. మౌస్ క్లిక్‌లను అందుకోవడం, తెరను మళ్లీ గీయడం వంటి పనులన్నీ చూసుకునే ‘మెయిన్‌లూప్’ కూడా అదే త్రెడ్‌లో (ప్రోగ్రామ్ ఆదేశాలు ఒకదాని తర్వాత ఒకటి సాగే దారిలో) నడుస్తుంది కనుక, ఆ త్రెడ్‌ను నిద్రపుచ్చితే అన్నీ ఆగిపోతాయి.

దీనికి టికింటర్‌లోనే ‘ఆఫ్టర్’ అనే పద్ధతి ఉంది. దానికి 1000 అని మిల్లీసెకన్లలో వ్యవధినీ, నడపవలసిన ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ భాగం) పేరునూ ఇస్తే, అది దారికి అడ్డుపడకుండా వెంటనే తిరిగివచ్చి, కనీసం అంత సమయం గడిచాకే ఆ ఫంక్షన్‌ను నడిపిస్తుంది. పేరు పక్కన బ్రాకెట్లు పెడితే మాత్రం ఫంక్షన్ అప్పటికప్పుడే నడిచిపోతుంది. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘ఆఫ్టర్’ పిలుపు ఒక్కసారికే పరిమితం కాబట్టి, గడియారం సాగాలంటే ఆ ఫంక్షన్ చివర మళ్లీ ‘ఆఫ్టర్’ను పిలవాలి. వ్యవధి కాస్త పెరిగే అవకాశం ఉన్నందున, సెకన్లను ఒక్కొక్కటిగా కూడుకుంటూ పోకుండా ప్రతిసారీ కంప్యూటర్ సమయాన్నే చదవడం మేలు. వద్దనుకున్న పిలుపును, ‘ఆఫ్టర్’ తిరిగి ఇచ్చిన గుర్తింపుతో ‘ఆఫ్టర్ క్యాన్సెల్’ ద్వారా రద్దుచేయవచ్చు.

మీ విద్యా పేజీలో ఇటువంటి విషయాలను చిన్న ఉదాహరణలతో తెలుగులో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, బెంగళూరు