గజ్జి: ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు రాసుకోవాలి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

మన పాఠశాలలో కొందరు పిల్లలకు గజ్జి సోకినట్టు వైద్యులు నిర్ధారించినందున ఈ నెల వార్తాలేఖను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను. ఆ పిల్లలు ఎవరో, ఏ తరగతివారో ఇందులో చెప్పను. మీరు కూడా దయచేసి ఆరా తీయవద్దు. పేరు బయటపడుతుందేమోనన్న భయంతో ఒక్క కుటుంబం జబ్బును దాచినా అది మళ్లీ బడిలోకి వస్తుంది.

గజ్జి మురికి వల్ల పుట్టే జబ్బు కాదు. రోజుకు రెండుసార్లు స్నానం చేసే పిల్లలకూ వస్తుంది. సుమారు 0.4 మిల్లీమీటర్ల పొడవుండే ఆడ పురుగు చర్మం పై పొరలో సన్నని సొరంగం తొలుచుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు మూడు నాలుగు రోజుల్లో పగులుతాయి, పిల్ల పురుగులు మరో పది పదిహేను రోజుల్లో పెద్దవవుతాయి. ఒళ్లంతా దద్దుర్లున్న మనిషి మీద కూడా సాధారణంగా పదీ పదిహేను పురుగులకు మించి ఉండవు. అంత దురద పురుగుల సంఖ్య వల్ల కాదు, వాటినీ వాటి గుడ్లనూ మలాన్నీ మన శరీరం ఎదిరించడం వల్ల పుడుతుంది. జబ్బు ఎందుకు తిరగబెడుతుందో తెలియాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మొదటిసారి సోకిన మనిషిలో ఆ ప్రతిస్పందన మొదలు కావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అంతకాలమూ ఆ మనిషికి ఏ బాధా తెలియకపోయినా పక్కన పడుకునేవారికి మాత్రం పురుగు అంటుతూనే ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం నేను చేసిన ఒక పొరపాటును ఇక్కడ చెప్పాలి. ఒక బాబుకు గజ్జి కనిపించినప్పుడు, బాబుకు మందు వాడి పంపమని ఇంటికి చీటీ రాశాను. వాళ్లు శ్రద్ధగా వాడారు, తగ్గింది. నెల తిరగకుండానే మళ్లీ వచ్చింది, మళ్లీ వాడారు, మూడోసారీ వచ్చింది. రాత్రుళ్లు నిద్రలేక ఆ పిల్లవాడు తరగతిలో తల వాల్చేసేవాడు. చివరికి తల్లితో కూర్చుని మాట్లాడితే, బాబు రోజూ నాయనమ్మ పక్కనే పడుకుంటాడని, తనకు దురద లేదు గనుక ఆమె మందు రాసుకోలేదని తెలిసింది. ఇంట్లో ఇంకెవరెవరున్నారు అన్న ఒక్క ప్రశ్న నేను మొదటి రోజే అడిగి ఉంటే ఆ పిల్లవాడికి అన్ని వారాల బాధ తప్పేది.

అందుకే ఇప్పుడు అందరినీ కోరుతున్నాను: ఇంట్లో ఒక్కరికి గజ్జి అని తేలితే, దురద ఉన్నా లేకపోయినా, చంటిబిడ్డ నుంచి ముసలివారి దాకా అందరికీ వైద్యుని సలహాతో ఒకే రోజున చికిత్స జరగాలి. బిడ్డను రోజూ ఎత్తుకునేవారు వేరే ఇంట్లో ఉంటే వారినీ కలుపుకోవాలి.

రాత్రి పడుకునేటప్పుడు దురద ఎక్కువ కావడం, వేళ్ల సందుల్లో, మణికట్టు లోపలి వైపు, చంకల్లో, నడుము చుట్టూ, పిరుదుల మీద చిన్న చిన్న పొక్కులు రావడం దీని గుర్తులు. పసిపిల్లలకు అరచేతుల్లో, అరికాళ్లలో, తల మీద కూడా రావచ్చు. ఎక్కువగా వాడే మందు ఐదు శాతం పర్మెత్రిన్ క్రీము. స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరి చల్లబడ్డాక, పొక్కులున్న చోట మాత్రమే కాకుండా మెడ నుంచి అరికాళ్ల వరకు ప్రతి అంగుళానికీ, గోళ్ల కింద, బొడ్డులో, గజ్జల్లో, కాలివేళ్ల మధ్య కూడా పట్టించి, ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు ఉంచి కడుక్కోవాలి. పసిపిల్లలకు కళ్లూ నోరూ తప్పించి ముఖానికీ తలకూ రాయవలసి ఉంటుంది. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ రాయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. గోళ్లు ముందుగానే కత్తిరించండి. రెండు నెలలలోపు శిశువులకూ గర్భిణులకూ ఏ మందు తగునో వైద్యులే చెప్పాలి. ఐవర్‌మెక్టిన్ మాత్రలు బరువును బట్టి ఇచ్చేవి, పదిహేను కిలోలలోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు, కాబట్టి ఒకరికి రాసిచ్చినవి మరొకరికి పంచకండి.

ఒక్కసారి రాసి దురద కాస్త తగ్గగానే చాలామంది ఆపేస్తారు. మొదటి పూతకు గుడ్లన్నీ చావకపోవచ్చు, మిగిలినవాటి నుంచి పిల్ల పురుగులు వస్తాయి. అవి పెరిగి గుడ్లు పెట్టకముందే, అంటే సాధారణంగా వారం తర్వాత, రెండో పూత పడాలి. అది కూడా ఇంటిల్లిపాదికీ.

మొదటి పూత రాత్రి ముగిసిన ఉదయం, గత మూడు రోజుల్లో వాడిన దుస్తులు, దుప్పట్లు, తువ్వాళ్లు బాగా వేడి నీళ్లలో ఉతకాలి. 50 డిగ్రీల వేడిలో పది నిమిషాలుంటే పురుగు చనిపోతుంది. ఉతకలేని వాటిని సంచిలో మూతి బిగించి కనీసం మూడు రోజులు పక్కన పెడితే చాలు, ఎందుకంటే మనిషి ఒంటిని వీడిన పురుగు సాధారణంగా రెండు మూడు రోజులకు మించి బతకదు. ఇంట్లో పురుగుమందులు చల్లవలసిన పని లేదు, వాటిని గాని కిరోసిన్ గాని పిల్లల ఒంటికి రాయడం ప్రమాదకరం.

చికిత్స సరిగా జరిగినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండవచ్చు. దాన్ని చూసి కంగారుపడి క్రీము మళ్లీ మళ్లీ రాస్తే చర్మం మండి దురద మరింత పెరుగుతుంది. కొత్త పొక్కులు వస్తూనే ఉన్నా, నాలుగు వారాలు దాటినా దురద తగ్గకపోయినా వైద్యుని దగ్గరకు వెళ్లండి. మందుల దుకాణంలో అడిగి తెచ్చే స్టెరాయిడ్ కలిసిన పూతలు దురదను కప్పిపుచ్చి పురుగును అలాగే ఉంచుతాయి, తర్వాత వైద్యునికి కూడా జబ్బును గుర్తుపట్టడం కష్టమవుతుంది. గోకిన పుండ్లు చీము పట్టడాన్ని తేలికగా తీసుకోవద్దు. ఆ పుండ్లలో చేరే కొన్ని సూక్ష్మజీవుల వల్ల మూత్రపిండాలు కూడా దెబ్బతినే అవకాశం ఉంది. జ్వరం వచ్చినా, ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా లేదా ముదురు రంగులో వచ్చినా ఆ రోజే చూపించాలి.

మొదటి పూత కడిగేసిన మరుసటి రోజు నుంచి పిల్లలను బడికి పంపవచ్చు. ఎవరినీ వేరే బెంచీ మీద కూర్చోబెట్టం. ఈ జబ్బు ముఖ్యంగా చర్మానికి చర్మం ఎక్కువసేపు ఆనితే అంటుతుంది, దాటిపోతూ తగిలిన చేతితో అంటడం అరుదు. చిన్న తరగతుల పిల్లలు మధ్యాహ్నం పడుకునే చాపలను ఇకపై ఒక్కొక్కరికి ఒకటి చొప్పున పేరు రాసి ఇస్తున్నాం, నాటకాల దుస్తులను ఉతికాకే మరొకరికి ఇస్తాం.

చికిత్స మొదలుపెట్టిన కుటుంబాలు రెండు పూతల తేదీలనూ, ఎంతమంది రాసుకున్నారో ఆ సంఖ్యనూ ఒక చీటీ మీద రాసి, కవరులో పెట్టి అంటించి నా పేరున పంపండి. ఆ కవరును నేను తప్ప మరెవరూ తెరవరు. రెండో తేదీకి ముందు రోజు నేనే మీకు ఫోను చేసి గుర్తుచేస్తాను.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు