ఆ ముఖాలను సాగదీయకండి

సంపాదకులకు,

మీ సినిమా పేజీలో పాత హాలీవుడ్ మీద వస్తున్న వ్యాసాలు బాగుంటున్నాయి. కడప, ప్రొద్దుటూరుల్లో కాలేజీ కుర్రవాళ్లు కూడా ప్రొజెక్టరు తెచ్చి 1930ల సినిమాలు వేసుకుంటున్నారు. సంతోషమే. కానీ వేసే పద్ధతి చూస్తే ఏడుపొస్తోంది.

ఆనాటి మాటల సినిమా బొమ్మ దాదాపు చదరం: ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. ఇప్పటి తెర వెడల్పు 1.78. తెర నిండాలని 'ఫుల్' నొక్కితే బొమ్మ అడ్డంగా 30 శాతం సాగుతుంది, ఆనాటి తార గ్రెటా గార్బో ముఖం పూరీలా ఉబ్బుతుంది. పోనీ 'జూమ్' పెడదామంటే పైనా కిందా కలిపి దాదాపు పావు వంతు పోతుంది. క్లోజప్‌లో నుదురో గడ్డమో ఉండదు. పదడుగుల వెడల్పు తెర మీద బొమ్మ వెడల్పు ఏడడుగుల ఎనిమిది అంగుళాలే రావాలి. అటూ ఇటూ 14 అంగుళాల చొప్పున నల్లగా మిగిలితే మిగలనీయండి, అది లోపం కాదు.

దీనికింత పట్టుదల ఎందుకంటే, ఆ స్టూడియోలు నాయిక ముఖం కోసమే లైట్లు అమర్చేవి. గార్బో సినిమాలు చాలావాటికి కెమెరా విలియం డేనియల్స్‌ది. మార్లిన్ డీట్రిచ్ నటించిన 'షాంఘై ఎక్స్‌ప్రెస్' (1932)కు కెమెరామన్ లీ గార్మ్స్ ఆస్కార్ అందుకున్నాడు. ప్రధాన లైటు ముఖానికి ఎదురుగా, బాగా ఎత్తున పెట్టేవారు. ముక్కు కింద చిన్న సీతాకోకచిలుక ఆకారంలో నీడ పడేది, బుగ్గలు లోపలికి పోయినట్టు కనిపించేవి. ప్రొజెక్టరు 'డైనమిక్'లో ఉంటే ఆ నీడలు ఉండవు. 'సినిమా' మోడ్ పెట్టి, బ్రైట్‌నెస్ నలుపు బూడిద రంగుకు తిరగనంత వరకే ఉంచాలి. హాలు కిటికీలకు మందమైన దుప్పట్లు కట్టండి, లేదా పొద్దుగూకాక వేయండి. టీవీ అయితే మోషన్ స్మూతింగ్ ఆపేయాలి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో అది లేని ఫ్రేములు కల్పించి, డీట్రిచ్‌ను సీరియల్ నటిని చేస్తుంది.

కొన్ని డీవీడీలు సెకనుకు 25 ఫ్రేముల లెక్కన నడుస్తాయి. క్లాడెట్ కోల్బర్ట్ 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్' (1934) 105 నిమిషాలు. మీ డిస్కు 101కే ముగిస్తే వేగం పెరిగిందని అర్థం. గొంతులు కూడా కాస్త పీలగా వస్తాయి. గార్బో బొంగురు గొంతుకు అది పెద్ద దెబ్బే. ('అన్నా క్రిస్టీ'లో 1930లో ఆమె మొదటిసారి మాట్లాడింది. మన జిల్లా సురభి గ్రామం పేరు పెట్టుకున్న నాటక సమాజం నుంచి వచ్చిన కమలాబాయి 'భక్త ప్రహ్లాద'లో మాట్లాడింది రెండేళ్ల తర్వాతే!) శబ్దం ఒకే ట్రాక్ కాబట్టి తెర దగ్గర ఒక్క స్పీకరు చాలు. సరౌండ్ ఆపండి, బాస్ తగ్గించండి. రేకుల హాల్లో బాస్ ఎక్కువైతే ఇంగ్లిష్ వచ్చినవాళ్లకూ ఒక్క ముక్క అర్థం కాదు.

ఏ కాపీ అన్నదీ చూసుకోవాలి. సినిమాల్లో ఏం చూపకూడదో చెప్పే హాలీవుడ్ నియమావళి 1934 జూలై నుంచి గట్టిగా అమలైంది. అంతకు ముందరి ఏడాది వచ్చిన బార్బరా స్టాన్‌విక్ 'బేబీ ఫేస్' విడుదలకే కోతపడింది. కోతలేని ప్రతి 2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దొరికింది. 71 నిమిషాలుంటే కోసినది, 76 ఉంటే పూర్తిది. తర్వాతెప్పుడో రంగులద్దిన కాపీలు మాత్రం వద్దు. అలాగని 'ద విమెన్' (1939) మధ్యలో ఫ్యాషన్ షో రంగుల్లో రాగానే కంగారుపడి ఆపేయకండి, అది అలా తీసిందే.

ఇంకొకటి. సినిమాకు ముందు మైకు పట్టుకునేవాళ్లు హాలీవుడ్ నటి మెర్ల్ ఓబెరాన్ ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టిందని చెబుతున్నారు. అది ప్రచారం కోసం అల్లిన కథ. 1911లో ఆమె పుట్టింది బొంబాయిలో. డార్జిలింగ్‌లో పుట్టినావిడ మరో నటి, వివియన్ లీ.

- పాత సినిమాల అభిమాని, కడప