ఆదివారం నూడుల్స్ భోజనం గురించి

గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం. ఆదివారం తైపేలోని యోంగ్‌కాంగ్ వీధి దగ్గర చిన్న నూడుల్స్ కొట్టులో కలుసుకుంటున్నాం కనుక అక్కడి పద్ధతి ముందుగా మనవి చేస్తున్నాను. బల్ల మీది చీటీలో కావలసిన వంటకం ఎదుట పెన్సిలుతో అంకె వేసి కౌంటరులో ఇవ్వాలి. చాలా చోట్ల డబ్బు కూడా అప్పుడే కట్టాలి, టిప్పు ఆనవాయితీ లేదు. నూడుల్స్‌లో పోసే, సోయాసాస్‌తో గంటల తరబడి ఉడికే ఎర్రటి పులుసు గొడ్డుమాంసానిది. అది తినని వారు పులుసు లేని నూడుల్స్ అడిగినా, వాటిలో తరచు పంది కొవ్వు కలుపుతారు కాబట్టి ముందే విచారించుకోవాలి. నువ్వుల ముద్ద కలిపిన చల్లని నూడుల్స్ కొంత నయం. గాజు బీరువాలోని దోసకాయ, టోఫు పళ్లేలను మనమే తెచ్చుకోవచ్చు, అయితే అవి ఉచితం కావు. పూర్తి శాకాహారులు ఎవరైనా ఉంటే శనివారంలోగా తెలియజేయగలరు; శాకాహార కొట్లకు ఆ ఊళ్లో కొదవ లేదు.