మధురవాణిది వేషం కాదండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ సాహిత్యం పేజీలో వచ్చిన ఉత్తరం చదివాక రెండ్రోజులు మనసు బాలేదండి. గురజాడ కన్యాశుల్కం నాటకంలో వేశ్య మధురవాణి మంచితనం అంతా పైపై వేషమే, వకీలు సౌజన్యారావు పంతులు దగ్గర మంచిదనిపించుకోడానికి ఆడిన ఆట అని రాశారు. నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను, ఆ నాటకం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, నాకు ఒక్కసారి కూడా అలా అనిపించలేదు.

లెక్కలు వేసే మనిషే, కాదనను. మెళ్లో వేసుకునే కంటె కోసం, తనని ఉంచుకున్న రామప్పంతుల్ని ఎన్ని తిప్పలు పెట్టింది! సుబ్బి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టే నాటకంలో కూడా ఆవిడ చెయ్యి ఉంది, అబద్ధాలూ ఆడింది. మరి ఆ అబద్ధాల వల్ల ఆగిందేంటి, సుబ్బి అనే చిన్నపిల్లని డబ్బుకి ముసలాడికి ఇచ్చేసే పెళ్లి. సుబ్బి ఆవిడకి ఏమవుతుందని?

మా వీధికి జాలారిపేట నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ చేపలు తెస్తుంది, బేరంలో పది రూపాయలు కూడా వదలదు, గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. మా కోడలు బాలింతగా ఉన్నప్పుడు తనే పాలసొర తెచ్చి గుమ్మంలో పెట్టి, డబ్బులిస్తే పుచ్చుకోకుండా వెళ్లిపోయింది. బేరమాడే నోరూ ఆవిడదే, ఆ పాలసొర ఇచ్చిన చెయ్యీ ఆవిడదే, ఒకటి నిజం ఇంకోటి నటన అని ఎలా అంటాం?

అసలు సీను మన విశాఖపట్నంలోనే జరుగుతుంది కదా. ఆడవేషంలో ఉన్న ఆ శిష్యుడు పారిపోతే, పెళ్లికూతుర్ని చంపేశాడని లుబ్ధావధాన్లు ఖూనీ కేసులో ఇరుక్కున్నాడు, మధురవాణి మగవేషంలో సౌజన్యారావు ఇంటికొచ్చి, నిజం తెలిసిన వేశ్య ఒకామె ఉంది, ఆమెకి ఒక ముద్దు ఇస్తే బయటపెడుతుంది అంటుంది. వేశ్యల మొహం చూడనని పట్టుబట్టిన మనిషి, ఒక ముసలాయన ప్రాణం కోసం కిందామీదా పడి చివరికి సరే అంటాడు. లెక్క ప్రకారం ఆవిడ గెలిచేసింది. అక్కడ ఆవిడే ఆపేస్తుందండి, చెడనివాళ్లని చెడగొట్టొద్దని తల్లి చెప్పిన మాట తలుచుకుని. లాభం చేతికొచ్చాక వదులుకున్న మనిషిని పట్టుకుని లాభం కోసం చేసింది అంటే నేనెలా ఊరుకోను?

ఇంకోటి, 1897లో అచ్చయిన మొదటి కన్యాశుల్కంలో మధురవాణిది చిన్న పాత్ర, 1909లో వచ్చిన రెండో కూర్పులోనే గురజాడ ఆవిణ్ణి ఇంత మనిషిని చేశారు. పన్నెండేళ్ల తర్వాత అంత మార్చి రాశారంటే ఊరికే రాసుంటారా. పైగా అదే నాటకంలో గిరీశం ఇంగ్లీషు ముక్కలు చెప్పి, వితంతు వివాహం సంఘసంస్కరణ అంటూ సుబ్బి అక్క బుచ్చమ్మని లేపుకుపోతే అతన్ని సరదా మనిషి అని నవ్వుకుంటాం, మధురవాణిని మాత్రం నీ మనసులో ఏముందో చూపించు అని నిలదీస్తాం. నాకు బాధ అక్కడే.

ఒక్క రిక్వెస్టు. నేను చూసిన రెండు ప్రదర్శనల్లోనూ టైం సరిపోలేదని ఆ సౌజన్యారావు సీను కోసేసి, రెండు మూడు డైలాగులతో లాగించేశారు, అది లేకపోతే చూసేవాళ్లకి మధురవాణి గడుసుతనం ఒక్కటే మిగులుతుంది. మన ఊళ్లో నాటకం వేసేవాళ్లు మీ పేపర్ చదువుతారు కాబట్టి చెప్తున్నా, ముందున్న హాస్యం కొంచెం తగ్గించుకోండి గానీ ఆ సీను మాత్రం పూర్తిగా వెయ్యండి.

ఒక రిటైర్డ్ తెలుగు టీచర్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం