పళ్ళిపట్టు అవ్వకు, మా బాబు తరఫున

నిన్న సాయంత్రం మా బాబును ఎత్తుకొని తిరుపతి నుంచి ఇల్లు చేరుకున్నాము. నాలుగున్నర నెలల వాడికి పై పెదవి మీద పుట్టుకతో వచ్చిన గ్రహణం మొర్రిని సరిచేసే ఆపరేషను గడచిన మంగళవారం జరిగింది. వాడు క్షేమంగా ఉన్నాడు. ఇప్పుడు రాత్రి రెండు గంటలు దాటింది. కుట్ల మీదికి చేయి పోకుండా మోచేతులకు కట్టిన అట్టముక్కలతో, రెండు చేతులూ చాచుకొని, వాడు నా పక్కనే నిద్రపోతున్నాడు. నాలుగు రోజులుగా సరైన నిద్ర లేకపోయినా నాకు మాత్రం కన్ను మూతపడటం లేదు. చెప్పవలసిన మనిషికి ఒక్క మాటైనా చెప్పకుండా వచ్చేశానన్న బాధ లోపల మెలిపెడుతోంది కనుక, ఆమెకు చేరుతుందో లేదో తెలియకపోయినా ఇది రాస్తున్నాను.

వాడిది పెద్ద లోపం కాదని వైద్యులు మొదటి రోజే చెప్పారు. ఎడమ వైపు పెదవిలో చిన్న చీలిక, అది ముక్కు దాకా పోలేదు, అంగిలి చక్కగా ఉంది, పాలు తాగగలడు, మూడు నెలలు దాటాక సరిచేయవచ్చు అన్నారు. ప్రపంచంలో దాదాపు 700 మంది పిల్లల్లో ఒకరు పెదవి చీలికతోనో అంగిలి చీలికతోనో పుడతారని కూడా చెప్పారు. కానీ చూడటానికి వచ్చినవాళ్ళు అడిగినది వేరు. "గ్రహణం నాడు ఏం కోశావు?" అని అడిగారు. 2023 అక్టోబరు 28 రాత్రి చంద్రగ్రహణం పట్టిన మాట నిజమే. అప్పుడు నాకు ఐదో నెల. ఆ రాత్రి నేను కత్తిపీట ముట్టుకోలేదు, గడప దాటలేదు, కనీసం పక్కకు ఒత్తిగిలి కూడా పడుకోలేదు. అయినా మూడు నెలల పాటు ఆ ప్రశ్నకు నాలో నేనే సమాధానం వెతుక్కుంటూ కుమిలిపోయాను. చివరికి తిరుపతిలో ప్లాస్టిక్ సర్జరీ వైద్యురాలు నన్ను కూర్చోబెట్టి, కడుపులోని బిడ్డ పెదవి నాలుగో వారం నుంచి ఏడో వారం లోపలే అతుక్కుంటుందని, ఆ గ్రహణం వచ్చేనాటికి వాడి ముఖం ఏర్పడి చాలా కాలమైందని, ఇందులో నా తప్పు ఏమీ లేదని వివరంగా చెప్పారు. ఈ మాట ఇక్కడ ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. ఇలాంటి బిడ్డను కన్న మరొక తల్లి ఇది చదివితే ఆమె నాలాగా మూడు నెలలు ఏడవకూడదు.

ఆపరేషను రెండుసార్లు వాయిదా పడింది. పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, అంటే మన లెక్కలో నాలుగున్నర కిలోలు, పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలని వైద్యులు పాటించే పాత లెక్క ఒకటి ఉంది. మా వాడికి మొదటిసారి రక్తం తొమ్మిది దగ్గరే ఆగింది, రెండోసారి జలుబు చేసింది. ఈ రెండూ బిడ్డ మంచికోసం జరిగిన వాయిదాలు కనుక వాటిమీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదు మూడోసారి జరిగినదాని మీద.

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి మొదటి కేసుగా మా బాబునే తీసుకుంటామని, తల్లిపాలు కనీసం నాలుగు గంటల ముందే ఆపాలని సోమవారం రాత్రి చెప్పారు. నేను తెల్లవారుజామున మూడింటికి వాడికి కడుపునిండా పాలిచ్చి ఆపేశాను. ఏడున్నరకు థియేటరు ముందున్న వరండాలోకి పంపారు. ఎనిమిదయింది, తొమ్మిదయింది, ఎవరూ పిలవలేదు. రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలిన వారిని తెల్లవారుజామునే తీసుకువచ్చారని, థియేటరు వారికి ఇచ్చారని మాకు తెలిసింది తొమ్మిది దాటాక, అదీ స్ట్రెచరు తోసే అబ్బాయి ద్వారా. పాసు ఒకరికే ఇస్తారు కనుక మా అమ్మ రైల్వే స్టేషను వెనుక సత్రంలో ఉండిపోయింది. మా ఆయన ఆరోగ్యశ్రీ కౌంటరు దగ్గర వరుసలో ఉన్నారు. వరండాలో నేను, ఒళ్ళో ఆకలితో గుక్కపట్టిన బిడ్డ, అంతే.

పిల్లవాడిని ఎంత ఎత్తుకుంటే అంత ఎక్కువగా ఏడ్చాడు. ముఖం నా రొమ్ముకేసి రుద్దుతూ, దొరకక, వెనక్కి విరుచుకుపడ్డాడు. వాడు ఏడ్చిన ప్రతిసారీ నాకు పాలు చేపుకొచ్చి రవిక, పమిట తడిసి ముద్దయ్యాయి. ఎదుట ఇరవై మంది కూర్చుని ఉన్నారు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

అప్పుడు బల్ల చివర కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చింది. అరవై ఏళ్ళు దాటి ఉంటాయి. పక్కన చేతికి గుడ్డ చుట్టిన తొమ్మిది, పదేళ్ళ మనవరాలు ఉన్నది. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. "పాపోడు ఆకలికి ఏడవలేదు మా, నీ వాసనకు ఏడస్తా ఉండాడు. పాలు ఇయ్యలేనప్పుడు అమ్మ దగ్గర బిడ్డ ఉండకూడదు. ఇట్లా ఇయ్యి" అని రెండు చేతులూ చాచింది. ముక్కూ ముఖమూ తెలియని మనిషికి బిడ్డను ఇవ్వడానికి నేను ఒక్క క్షణం తటపటాయించాను. ఆవిడ అది గమనించింది. "నీ కళ్ళ ముందరే తిరుగుతా, ఎక్కడికీ పోను" అన్నది.

వాడిని భుజాన వేసుకొని, థియేటరు తలుపు దగ్గరి నుంచి వరండా చివర ఎర్ర ఇసుక బకెట్లు వేలాడదీసిన చోటు దాకా, అక్కడి నుంచి మళ్ళీ తలుపు దాకా నడవటం మొదలుపెట్టింది. చెప్పులు లేవు. అడుగు అడుగుకూ వీపు మీద అరచేత్తో మెల్లగా తట్టుతూ, గొంతులోనే ఏదో రాగం తీస్తూ నడిచింది. పది నిమిషాలకు వాడి ఏడుపు వెక్కిళ్ళకు దిగింది. ఇంకొంతసేపటికి వాడి తల ఆవిడ మెడ దగ్గర వాలిపోయింది.

అంతటితో ఆగలేదు. మూడోసారో నాలుగోసారో నా ముందు నుంచి పోతూ నిలబడి, నన్ను కిందినుంచి పైదాకా చూసి, తన భుజం మీది తువాలు తీసి నా రెండు భుజాల చుట్టూ కప్పింది. బిడ్డను ఒక చేత్తో పట్టుకొనే, తన గాజులకు తగిలించుకున్న పిన్నీసు పళ్ళతో తీసి, ఆ తువాలును నా గొంతు కింద గుచ్చింది. "మగోళ్ళు తిరిగే తావు మా, కప్పుకో. పోయి పిండి పారబోసి రా, లేకుంటే గడ్డకట్టి జరమొస్తుంది" అన్నది. మొర్రి ఉందని చెప్పిన రోజు నేను ఏడవలేదు. ఇద్దరు చుట్టాలు నా ముఖం మీదే మాట అన్న రోజు కూడా వాళ్ళ ముందు ఏడవలేదు. ఆ పిన్నీసు గుచ్చిన క్షణాన మాత్రం నా కాళ్ళలో సత్తువ పోయి, నేలమీద కూలబడి, బిడ్డలాగే వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ నన్ను ఊరడించలేదు, ఏడవవద్దని అనలేదు, నా తల మీద ఒకసారి చేయి పెట్టి మళ్ళీ నడకలో పడింది.

నేను తిరిగి వచ్చేసరికి ఆవిడ థియేటరు తలుపు దగ్గర నిలబడి, బయటకు వచ్చిన నర్సును అడుగుతోంది: "ఇంత చిన్న బిడ్డిని ఎంతసేపు మాడ్చేది మా? ఒక గుక్కెడు నీళ్ళన్నా పొయ్యకూడదా? లోపల పెద్దోళ్ళను అడిగిరా." నర్సు లోపలికి వెళ్ళి మత్తు డాక్టరును అడిగి వచ్చింది. కేసు ఇంకా రెండున్నర, మూడు గంటలు ఆలస్యమయ్యేలా ఉందని, అందువల్ల గ్లూకోజు నీళ్ళు కొద్దిగా పట్టవచ్చని, రెండు గంటల ముందు ఆపితే చాలునని చెప్పింది. ఆ మాట నాకు తొమ్మిదింటికే తెలిసి ఉంటే! అడగవచ్చునన్న సంగతి కూడా నాకు తోచలేదు. రెండు డిగ్రీలు చదివి, బడిలో పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పే నేను నోరు తెరవలేకపోయాను. అవ్వ తెరిచింది. ఆ పది చెంచాల నీళ్ళూ ఉగ్గుగిన్నెతో నేనే పట్టాను.

మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు వాడిని లోపలికి తీసుకువెళ్ళారు. గంటంపావు పట్టింది. ఆ సమయంలో మాటల మీద తెలిసింది ఏమిటంటే, వాళ్ళది తమిళనాడు సరిహద్దులో పళ్ళిపట్టు వైపు పల్లె. మనవరాలి చేతి మీద గంజి ఒలికి, కాలిన వేళ్ళు మానేటప్పుడు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాటిని విడదీసే ఆపరేషను కూడా ఆ రోజు జాబితాలోనే ఉన్నది. అంటే ఆ పిల్ల కూడా రాత్రి నుంచి ఏమీ తినలేదు. నా బిడ్డను మోస్తూ నడిచిన అన్ని గంటలూ ఆవిడ మనవరాలు ఆ బల్ల మీద ఆకలితోనే కూర్చుని ఉన్నది. పేరు అడిగితే, "అవ్వా అని పిలువు, చాలు" అన్నది.

బాబుకు తెలివి వస్తోందని నన్ను లోపలికి పిలిచినప్పుడు, పక్కనే ఇంకొక సిస్టరు ఆ పిల్ల పేరు పిలిచి, ఈ రోజు జాబితా అయిపోయిందని చెప్పడం విన్నాను. అవ్వ ఎవరిమీదా అరవలేదు. "సరే మా, ముందు దానికి రెండు ఇడ్లీ పెట్టుకొస్తా" అని పిల్లను లేపింది. నేను లోపలికి వెళ్ళాను. అదే ఆవిడను చివరిసారి చూడటం. మరుసటి రోజు అడిగిస్తే, వాళ్ళకు మరో తేదీ ఇచ్చి పంపించారని చెప్పారు.

ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే లోపల పనిచేసిన చేతులు బంగారు చేతులు. ప్రమాదంలో దెబ్బతిన్నవారికి ముందు థియేటరు ఇవ్వడం న్యాయమే, అందులో రెండో మాట లేదు. కానీ ఆలస్యం అవుతుందన్న సంగతి ఆరింటికే తెలిసినప్పుడు, వార్డుకు ఒక్క మనిషిని పంపి "బిడ్డకు ఇంకొకసారి పాలివ్వండి" అని చెప్పించడానికి ఏ యంత్రాలు కావాలి, ఏ నిధులు కావాలి? ఉపవాసం రాత్రి ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే వ్యవస్థకు, అది ఎప్పుడు ఆపవచ్చో చెప్పే బాధ్యత కూడా ఉండాలి కదా. ఆరోగ్యశ్రీ అనుమతి కూడా అంతే. బియ్యం కార్డులో బాబు పేరు లేదని మా ఆయనను సచివాలయానికి మూడుసార్లు తిప్పారు. చివరికి జనన ధ్రువపత్రంతో, నా కార్డు మీదనే పని జరిగింది. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఆయనకు మూడు రోజుల కూలీ నష్టం తప్పేది, ఆ మంగళవారం ఆయన వరుసలో కాక నా పక్కన ఉండేవారు. మాకు ఆపరేషను ఉచితంగా జరిగిన మాట వాస్తవం, దానికి మేము ఋణపడి ఉన్నాము. అయినా ఈ నాలుగు మాటలు అనకుండా ఉండలేకపోతున్నాను.

వాడి పెదవి మీద ఊదారంగు చుక్కలు పెట్టుకొని, వెంట్రుకంత సన్నని దారంతో కుట్టిన వైద్యురాలికి, మత్తు డాక్టరుకు, రాత్రి డ్యూటీలో గంటగంటకూ వచ్చి చూసిన సిస్టరుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. బయటకు తెచ్చినప్పుడు నేను ఒక్క క్షణం నా బిడ్డను గుర్తుపట్టలేదన్న సంగతి కూడా దాచను. వెడల్పుగా విచ్చుకునే ఆ పాత నవ్వు ఇక కనపడదు. ఆ నవ్వు కోసం నాకు దుఃఖం వచ్చిందంటే ఎవరు నమ్ముతారు? వైద్యురాలు మాత్రం నమ్మారు. చాలామంది తల్లులు అలాగే అంటారని చెప్పారు.

మా అమ్మ, అత్తయ్య, మావయ్య, మా ఆయన అందరూ చేశారు. వారికి వేరే చెప్పనక్కర లేదు. పుట్టు వెంట్రుకలు కుట్లు మానాక కొండ మీదనే తీయిస్తామని అత్తయ్య మొక్కుకున్నది.

మరచిపోయిన వారున్నారు. డిశ్చార్జి రోజు వానలో బస్టాండు దాకా తీసుకువచ్చి, బిడ్డను చూసి డబ్బు తీసుకోని ఆటో అన్నకు కృతజ్ఞతలు. చంద్రగిరి దాటేదాకా నిలబడి నాకు సీటు ఇచ్చిన కాలేజీ అమ్మాయికి కూడా. నేను లేని రోజుల్లో నా తరగతులు తీసుకున్న తోటి టీచర్లకు. మోచేతి అట్టలకు మెత్తని గుడ్డ సంచులు కుట్టి ఇచ్చిన మా వీధి దర్జీ అన్న పేరు ముందే రాయవలసింది. రెండోసారి వాయిదా పడినప్పుడు, రక్తం పెరిగే చుక్కల మందు ఎలా పట్టాలో చూపించిన మందుల షాపు అబ్బాయి కూడా ఉన్నాడు.

అవ్వ తువాలు నా దగ్గరే ఉండిపోయింది. తెల్లది, నీలం అంచు, ఒక మూల తమలపాకు మరక. పాల వాసన పోయేదాకా రెండుసార్లు ఉతికి, ఆ పిన్నీసును దానికే గుచ్చి మడిచి పెట్టాను. వచ్చే మంగళవారం బాబు కుట్లు చూపించడానికి మళ్ళీ రమ్మన్నారు. తువాలు తీసుకొని, తొమ్మిదింటికల్లా ఆ ఇసుక బకెట్ల పక్కన బల్ల మీద కూర్చుని ఉంటాను. పళ్ళిపట్టు వైపు వారు ఎవరైనా ఇది చదివితే, చేయి కాలిన మనవరాలున్న ఆ అవ్వకు ఈ సంగతి చెప్పగలరా?