గొంతు కాస్త దాచుకో

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నిన్న ఫోనులో నీ మాట సగం వినపడలేదు. లైను బాగా లేదనుకున్నాను. గొంతు పోయిందని తర్వాత మీ అమ్మ చెప్పింది. ఉద్యోగంలో చేరి మూడు వారాలైనా కాలేదు కదమ్మా!

ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు, నీ గదిలో ఒకటి, రెండు, మూడు. అరవై మంది వరకు పిల్లలుంటే 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పేదే ఇద్దరిని. కాబట్టి మూడో మనిషి కోసం ఎదురుచూడకు. నేనూ అలాంటి గదుల్లోనే ముప్పై ఏళ్లు గడిపాను. ప్రార్థనకు ముందే రెండు, మూడు తరగతులకు బోర్డు మీద పని రాసి పెట్టు. వాళ్లు అందులో పడ్డాక ఒకటో తరగతిని నీ చుట్టూ కూర్చోబెట్టుకో. భోజనమయ్యాక పసివాళ్లు సగం మంది జోగుతారు, వాళ్లకు పొద్దుటి గంటే విలువైనది. గోల పెరిగితే అరవకు, నీకంటే వాళ్ల గొంతులే ఎక్కువ. కథ మొదలుపెట్టినట్టు మెల్లగా మాట్లాడు. ముందు వరుసే వెనక వాళ్లను ఊరుకోబెడుతుంది.

నా తప్పు ఒకటి చెబుతాను. రెండో తరగతిలో ఒకడు వాచకం గడగడా చదివేవాడు. వాడిని చూపించి మిగతా వాళ్లను దెప్పేవాడిని. ఒకరోజు కిటికీ గాలికి పేజీ తిరిగిపోయింది. వాడు మాత్రం పాత పాఠమే చదువుతున్నాడు! అంతా కంఠతా. ఆరు నెలలు నాకు తెలియలేదు. అప్పటినుంచి పాఠం నడుమ ఎక్కడో వేలు పెట్టి ఆ ఒక్క పదం చదవమనేవాడిని. గుణింతాలు వచ్చి ఒత్తుల దగ్గర ఆగిపోయేవాళ్లు అక్కడే బయటపడేవారు. రోజుకు నలుగురిని అలా చూడు, చాలు.

హాజరు పట్టీ మొదటి గంటలోనే పూర్తిచెయ్యి. మధ్యాహ్న భోజనం లెక్క దాని మీదే నడుస్తుంది. వడ్డించేముందు నువ్వు తప్పకుండా రుచి చూడు. ఫోనులో నింపమనే వివరాలకు అంతుండదంటున్నావు. మాకు కాగితాల కట్టలుండేవి, పెద్ద తేడా లేదు. పిల్లలు వెళ్లాక చూసుకో.

బెత్తం పట్టుకోమని తోటి మాస్టారు అంటున్నారట. కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ ఆ చట్టమే 17వ సెక్షన్‌లో నిషేధించింది. నా మొదటి ఏళ్లలో నేనూ పట్టుకున్నాను. దెబ్బ తిని లెక్క నేర్చినవాడు ఒక్కడూ గుర్తులేడు. మర్నాడు బడికి రానివాళ్లు మాత్రం గుర్తున్నారు.

మీ అమ్మ శొంఠి, మిరియాలు దంచి సీసాలో పోసింది. రేపు బస్సులో పంపుతున్నాను. తేనెలో కలుపుకో.

మీ నాన్న